పాత అంబాసిడరు మరమ్మతు – కొన్ని అనుభవాలు

తెలుగు పాఠాలు చెప్పుకొనేవారికి మోటారుబండి మరమ్మతుతో పనేమిటని మా సహోద్యోగులు పలుమార్లు అడిగారు. ఉర్దూ శాఖలోని మిత్రులొకరు మరికొంత ముందుకు పోయి, ప్రబంధాలలో రథవర్ణనలు చదివి చదివి మాకీ పిచ్చి పట్టి ఉంటుందని నిర్ధారించారు. ఈ ఏటి సంచికకు వ్యాసం కోరుతూ వచ్చిన విద్యార్థి సంపాదకులు మాత్రం సాహిత్య వ్యాసం వద్దని, "ఆ బండి గురించే రాయండి మాస్టారూ" అని పట్టుబట్టారు. ఆదివారాలు మాతోపాటు చేతులకు గ్రీజు పూసుకొన్నవారు వారిలో ఇద్దరున్నారు. కనుక కాదనడానికి మాకు నోరు రాలేదు.

బండి 1977లో తయారైన అంబాసిడరు, మార్క్ త్రీ. మా నాన్నగారు దానిని 1989లో పాతబండిగా కొన్నారు. పదహారేళ్లు అద్దెకు నడిపి, ఆ తరువాత సొంత బండిగా మార్పించుకొని, 2011లో కన్నుమూసే వరకు దానిని విడువలేదు. గుంటూరు నుండి పెళ్లిబృందాలను, మిరపకాయల వ్యాపారులను, పురిటికి పోయే ఆడవారిని మోసిన బండి అది. మా ఎం.ఏ. చదువుకు రుసుము కట్టినది కూడా ఆ బండి సంపాదనే. నాన్నగారి తరువాత అది ఇంటి వెనుక చింతచెట్టు కింద పదకొండేళ్లు నిలిచిపోయినది. 2022 వేసవిలో మా అన్నగారు స్థలం శుభ్రం చేయిస్తూ పాత ఇనుము వ్యాపారిని పిలిపించారు. అతడు బండి చుట్టూ రెండుసార్లు తిరిగి, పదకొండు వందల కిలోల పైచిలుకు ఉంటుందని అంచనా వేసి, 26 వేలు ఇస్తానన్నాడు. అమ్మీ ఏమీ అనలేదు. ఆ సాయంకాలం మాత్రం కుర్చీ తెప్పించుకొని, బండి కనిపించేచోట వెనుక వసారాలో చీకటిపడే వరకు కూర్చున్నారు. మరునాడు మేము అన్నగారిని లక్ష రూపాయలు, ఏడాదిన్నర గడువు అడిగాము. "లక్ష దాటిందా, ఇక ఇనుము కొట్టుకే తమ్ముడూ" అనే షరతుపై ఆయన ఒప్పుకొన్నారు.

లక్ష రూపాయలతో పాత బండిని తిరిగి నడిపించగలమని నమ్మడానికి ఆధారం లేకపోలేదు. అది అంబాసిడరు కావడమే ఆ ఆధారం. ఇంగ్లండులో ఆక్స్‌ఫర్డ్ పట్టణాన్ని ఆనుకొని ఉన్న కౌలీలో తయారైన మోరిస్ ఆక్స్‌ఫర్డ్ మూడవ శ్రేణి బండి దీనికి మూలం. హిందుస్థాన్ మోటార్సు వారు ఆ నమూనాను తెచ్చుకొని, పశ్చిమ బెంగాలులోని ఉత్తరపారా కర్మాగారంలో 1957 నుండి అంబాసిడరు పేరుతో తయారు చేశారు. 2014 మే నెలలో తయారీ నిలిచిపోయే వరకు దాని ఆకారం పెద్దగా మారలేదు. ముందు జాలీ మారినది, దీపాల అమరిక కొంత మారినది, 1992 తరువాత ఇసుజు వారి 1800 సి.సి. ఇంజనుతో కూడిన బండ్లు వచ్చినవి. అయితే పైగుల్ల, తలుపులు, అడుగుభాగం దాదాపు పాతవే. ఇన్ని దశాబ్దాలు ఒకే అచ్చులో వచ్చిన బండికి విడిభాగాల కరవు ఉండదు. విజయవాడ ఆటోనగర్లో దొరకనిది చెన్నై పుదుప్పేటలో దొరుకుతుంది, అక్కడా లేనిది కలకత్తా మల్లిక్ బజారులో ఉంటుంది. అరుదైన విదేశీ బండిని ఇష్టపడే విద్యార్థులు మనలో ఉన్నారని తెలుసు. వారిని నిరుత్సాహపరచడం మా ఉద్దేశం కాదు. కాని అటువంటి బండికి ఒక్క దీపపు అద్దం కోసం పెట్టే ఖర్చుతో మేము మా బండికి దీపాలన్నీ వేయించాము.

పనికి గురువు దొరకడం మా అదృష్టం. నాన్నగారి స్నేహితులు, మేము చాచా అని పిలిచే పెద్దాయన. డెబ్బై దాటిన వయస్సు. ఆయన దుకాణంలో కుర్రవాళ్లకు ఆయన ఉస్తాద్, వారు ఆయనకు షాగిర్దులు. భాషోపాధ్యాయులుగా మాకు ఆ దుకాణంలో మొదట కనిపించినది పనిముట్ల కన్న మాటలు. పానా, పేచ్‌కస్, జాకీ, గ్యాస్కెట్టు, టింకరింగ్ – సగం ఉర్దూ, సగం ఇంగ్లీషు, వాక్యం మాత్రం అచ్చ తెలుగు. "పేచ్" అంటే మర, "కస్" అంటే బిగించు. రెండూ కలిస్తే మరలు బిగించే పనిముట్టు. గుంటూరు మెకానిక్కు ఆ మాట వాడేటప్పుడు అది పరభాష అనే స్పృహ ఉండదు. అసలు "మరమ్మతు" అనే మాటే అరబ్బీ నుండి ఉర్దూ మీదుగా మనకు చేరినది కదా! మా ఉర్దూ మిత్రులకు ఈ సంగతి చెప్పి రథవర్ణనల బాకీ తీర్చుకొన్నాము.

పానా పట్టడానికి ముందే చాచా కాగితాలు అడిగారు. ఇది చాలామంది చివర ఆలోచించే విషయం. బండి ఎంత బాగుచేసినా, దాని రిజిస్ట్రేషను మన పేర నిలవకపోతే రోడ్డెక్కదు. చాసిస్ నంబరు బండి మీద చదవగలిగేటట్టు ఉన్నదా, పత్రంలోని నంబరుతో సరిపోతున్నదా అని మొదట చూడాలి. మాది మట్టి, తుప్పు కింద కప్పబడి ఉంటే కిరసనాయిలు గుడ్డతో అరగంట రుద్దవలసి వచ్చినది. యజమాని మరణించినప్పుడు వారసుల పేర మార్చడానికి 31వ నంబరు ఫారం ఉన్నది. మామూలుగా అమ్మినప్పుడు పెట్టే 30వ నంబరు ఫారం ఇక్కడ పనికిరాదు. సొంత కారు రిజిస్ట్రేషను పదిహేనేళ్లకు తీరిపోతుంది. ఆపైన ఐదేళ్లకొకసారి 25వ నంబరు ఫారంతో పొడిగించుకోవాలి, అందుకు బండిని తనిఖీకి చూపించాలి. మేము ఆలస్యానికి అపరాధ రుసుము కూడా కట్టాము. 2021లో వచ్చిన నిబంధనల ప్రకారం యాభై ఏళ్లు దాటిన బండ్లను వింటేజి బండ్లుగా నమోదు చేసుకొనే వీలు కలిగినది. అయితే అలా నమోదైన బండిని ప్రదర్శనలకు, ర్యాలీలకు, పెట్రోలు పోయించుకోవడానికి, మరమ్మతులకు మాత్రమే బయటికి తీయాలి. రోజువారీ రాకపోకలకు వాడకూడదు. మాకు కావలసినది అమ్మీని వైద్యుని దగ్గరకు తీసుకువెళ్లే బండి కనుక మామూలు రిజిస్ట్రేషనునే కోరుకొన్నాము.

ఆ తరువాత ఇంజను. నిజానికి ముందు చూడవలసినది ఇంజను కాదు, ఆ సంగతి తరువాత చెబుతాము. కాని పదకొండేళ్లు మూగబోయిన ఇంజను మళ్లీ పలుకుతుందా అనే ఆత్రుత ఎవరికి ఉండదు? మేము కొత్త బ్యాటరీ తెచ్చి తగిలించి తాళం తిప్పబోతే చాచా చేయి పట్టుకొని ఆపారు. ఏళ్ల తరబడి నిలిచిన ఇంజనులో పిస్టను రింగులు సిలిండరు గోడలను తుప్పుతో పట్టుకొని ఉంటాయి. సెల్ఫుతో బలవంతంగా తిప్పితే రింగులు విరుగుతాయి. బండిని గేరులో పెట్టి వెనుక నుండి నెట్టించడం ఇంకా ప్రమాదం. నాలుగు ప్లగ్గులూ విప్పి, ఇంజనాయిలు, డీజిలు సమపాళ్లలో కలిపి ఒక్కొక్క రంధ్రంలో రెండేసి చెంచాలు పోసి వదిలివేశాము. అంబాసిడరుకు ముందు నుండి హ్యాండిలు పెట్టి చేతితో తిప్పే ఏర్పాటు ఉన్నది. రోజూ సాయంత్రం ఆ హ్యాండిలును మెల్లగా, అటు ఇటు, బలం పెట్టకుండా కదిపి చూడాలి. ఎనిమిది రోజులు రాయిలా ఉన్నది. తొమ్మిదవ రోజు అంగుళం కదిలినది. ఆ అంగుళానికి మా విద్యార్థులు వేసిన కేక విని పక్కింటివారు గోడ మీద నుండి తొంగి చూశారు.

ఇంజను తిరిగిన తరువాత ప్రతి సిలిండరులో ఎంత ఒత్తిడి పుడుతున్నదో గేజితో కొలవాలి. ఈ పరీక్ష చదువుకొనే పిల్లలు తప్పక చూడదగినది. ఎందుకంటే విప్పకుండానే లోపలి రోగం చెబుతుంది. మొదటి, రెండవ, నాలుగవ సిలిండర్లు 120 పౌండ్ల చుట్టూ చూపించినవి. మూడవది 65 మాత్రమే. అప్పుడు ఆ సిలిండరులో చెంచాడు ఇంజనాయిలు పోసి మళ్లీ కొలిచారు. నూనె రింగుల సందులను కాసేపు మూసివేస్తుంది కాబట్టి, లోపం రింగులదైతే ఒత్తిడి బాగా పెరగాలి. పెరగకపోతే లోపం పైనున్న వాల్వులది. మా గేజి 70 దగ్గర ఆగిపోయినది. హెడ్డు విప్పి చూస్తే మూడవ సిలిండరు ఎగ్జాస్టు వాల్వు అంచు ఒకచోట కాలి, తెగిన గోరులా ఉన్నది.

దీని వెనుక ఒక చరిత్ర కూడా ఉన్నది. పాతకాలపు పెట్రోలులో సీసం కలిపేవారు. ఆ సీసం వాల్వుకు, అది కూర్చొనే సీటుకు మధ్య మెత్తని పూతలా పనిచేసేది. సీసం గాలిని, పిల్లల ఆరోగ్యాన్ని పాడుచేస్తుందని రుజువైన తరువాత మన దేశమంతటా 2000 ఫిబ్రవరి నుండి సీసం లేని పెట్రోలే అమ్ముతున్నారు. మంచి పనే. కాని సీసాన్ని నమ్ముకొని తయారైన పాత ఇనుప హెడ్డులలో సీటు క్రమంగా అరిగి వాల్వు లోపలికి దిగిపోతుంది, అంచు సరిగా మూసుకోక కాలిపోతుంది. ఇందుకు విరుగుడు ఎగ్జాస్టు వైపు గట్టి ఉక్కు సీట్లను దిగగొట్టించడం. నాలుగింటికీ అలాగే చేయించాము. గ్రైండింగు అయిన వాల్వులను హెడ్డులో పెట్టి, పైనుండి కిరసనాయిలు పోసి, బొట్టు దిగలేదని చూసుకొన్న తరువాతనే హెడ్డు బిగించారు. టాపెట్ల సందు పదిహేను థౌ, అంటే అంగుళంలో వెయ్యింట పదిహేను వంతులు. ప్లగ్గులు మండే వరుస ఒకటి, మూడు, నాలుగు, రెండు. దీనిని మా పిల్లలు ఎక్కాల వలె పాడుకొనేవారు. గ్యాస్కెట్ల సెట్టు, లేతు పని కలిపి ఇంజను మీద 19 వేలు అయినది. రింగులు, పిస్టన్లు మార్చలేదు. మార్చమని సలహా ఇచ్చినవారున్నారు. కొలతలు బాగున్న వస్తువును విప్పి పారవేయడం మాకు నచ్చలేదు, లక్షలో మిగిలినది కూడా గుర్తున్నది.

ఇక మేము దాచకుండా చెప్పవలసిన విషయం బ్రేకులు.

2022 డిసెంబరు నాటికి ఇంజను చక్కగా పలుకుతున్నది. వెనుక కుడి చక్రం దగ్గర బ్రేకు నూనె కారుతున్నదని చాచా చూపించారు. నాలుగు చక్రాల సిలిండర్లు, మాస్టరు సిలిండరు, రబ్బరు గొట్టాలు, షూలకు కొత్త లైనింగు – మొత్తం మార్చుదామన్నారు. లెక్క వేస్తే 12 వేల పైన. మేము కారుతున్న ఒక్కటి మార్చితే చాలదా అన్నాము. తొమ్మిది వందలలో పని తీరుతుంది, మిగిలిన డబ్బు రంగుకు పనికివస్తుంది. అప్పటికి మా మనస్సు రంగు మీద ఉన్నది. చాచా రెండుసార్లు చెప్పి ఊరకున్నారు.

జనవరిలో ఒక సాయంత్రం పరీక్షగా బండిని వీధిలోకి తీశాము. పక్కన మా విద్యార్థి ఒకడు కూర్చున్నాడు. వేగం ఎక్కువేమీ కాదు, ముప్ఫై లోపు. ఎదుట పాఠశాల వదిలిన వేళ. సైకిలు నడిపించుకొంటూ ఒక పిల్లవాడు అడ్డంగా వచ్చాడు. బ్రేకు తొక్కితే పెడలు మెత్తగా నేలకు దిగిపోయినది. మళ్లీ తొక్కాము. ఏమీ లేదు. రెండవ గేరులోకి లాగి, హ్యాండుబ్రేకు పట్టి, స్టీరింగు ఎడమకు కోస్తే బండి ఒక ఇంటి ముందు పోసిన ఇసుకకుప్ప మీదికి ఎక్కి ఆగినది. సైకిలుకు, మా బంపరుకు మధ్య రెండు మూరలు కూడా లేదు. పిల్లవాడు మా వైపు చూసి, ఏమీ ఎరగనట్టు సైకిలెక్కి వెళ్లిపోయాడు. మేము చాలాసేపు తలుపు తీయలేకపోయాము.

మరునాడు చాచా సిలిండర్లన్నీ విప్పి వరుసగా గుడ్డ మీద పెట్టి చూపించారు. ఈ బండిలో బ్రేకు నూనెకు ఒకటే దారి. మాస్టరు సిలిండరులో పుట్టిన ఒత్తిడి అదే నూనె ద్వారా నాలుగు చక్రాలకూ పోతుంది. ఎక్కడ ఒక్కచోట తెగినా నాలుగు చక్రాలకూ బ్రేకు పోతుంది. రెండు దారులుండే నేటి బండ్లలో సగమైనా మిగులుతుంది. బ్రేకు నూనెకు గాలిలోని తేమను పీల్చుకొనే గుణం ఉన్నది. ఏళ్ల తరబడి మార్చకపోతే ఆ తేమ సిలిండరు లోపలి గోడను తుప్పుతో గుంటలు పడేటట్టు తింటుంది. బండి నిలిచి ఉన్నంతకాలం లోపలి రబ్బరు కప్పులు ఒకే స్థానంలో ఉంటాయి, ఆ ఒక్కచోటు నున్నగా మిగులుతుంది. మేము ఒక సిలిండరు కొత్తది వేసి, పెడలు గట్టిగా తొక్కేసరికి మిగిలిన పాత కప్పులు తమ స్థానం దాటి తుప్పు గుంటల మీదికి జరిగినవి. ముందు ఎడమ చక్రంలోనిది చీరుకుపోయినది. హ్యాండుబ్రేకు నూనెతో కాక తీగతో వెనుక చక్రాలను పట్టుకొంటుంది కాబట్టి అది మాత్రం పనిచేసినది. ఇంత వివరంగా చూపించి, చివరకు చాచా అన్న మాట ఇది: "తప్పు నాది కూడా బేటా. నువ్వు వద్దన్నప్పుడు తాళం చెవి నీ చేతికి ఇవ్వకుండా ఉండవలసింది."

బ్రేకు పని మొత్తం కొత్తగా, 12,500 రూపాయలతో చేయించాము. ఇప్పుడు రెండేళ్లకొకసారి నూనె మార్చుతున్నాము. అన్నగారికి ఈ సంగతి ఆరు నెలల వరకు చెప్పలేదు. ఆ సాయంత్రం పక్కన కూర్చున్న విద్యార్థి తల్లిదండ్రుల ఇంటికి మాత్రం మరునాడే వెళ్లి చెప్పి వచ్చాము. అప్పటి నుండి విద్యార్థులను బండి కదిలే సమయంలో ఎక్కించుకోలేదు. పనంతా కళాశాల పాత సైకిలు షెడ్డులోనే. ఆ షెడ్డును ఆదివారాలు వాడుకోనిచ్చిన పాలకవర్గం వారికి ఈ ముఖంగా కృతజ్ఞతలు. అదే షెడ్డు మూలన తుప్పుపడుతున్న జనరేటరును కూడా ఇదే విధంగా ఒకసారి విప్పి చూడనిస్తే బాగుంటుందని పిల్లల కోరిక. మాదీ అదే.

బ్రేకుల తరువాత మా వరుస మారిపోయినది. రంగు మాట ఎత్తలేదు. బండి కిందకు పోయి తుప్పును వెతికాము. అంబాసిడరుకు లారీకి వలె విడిగా చట్రం లేదు. అడుగు రేకు, తలుపుల కింద పెట్టెల వలె ఉండే సిల్లులు, వీటితో కూడిన పైగుల్లే బరువు మోస్తుంది. ఇవి తుప్పు తింటే బండికి వెన్నెముక పోయినట్టే. బయటికి రంగు నిగనిగలాడుతూ ఉండవచ్చు. పరీక్షకు అయస్కాంతం ఒకటి చాలు. రేకు ఉన్నచోట అంటుకొంటుంది, పుట్టీ ఉన్నచోట జారిపోతుంది. పాత బండి కొనదలచినవారు జేబులో ఒకటి వేసుకొని పోవాలి. మా బండి ఎడమ సిల్లు పొడవునా అయస్కాంతం నిలవలేదు. పేచ్‌కస్‌తో పొడిస్తే పిడి వరకు దిగినది. పుట్టీ గీకుతూ పోతే దాని వెనుక ఒక వేరుశనగ నూనె డబ్బా రేకు, సుత్తితో చదును చేసి రివెట్లు కొట్టి అతికించినది, బయటపడినది. నాన్నగారి చేతిపని. అన్నగారిని పిలిచి చూపిస్తే కాసేపు చూసి, "ఇది ఆపా పెళ్లి చేసిన ఏడు" అన్నారు. అంతకు మించి మాట్లాడలేదు. కొత్త సిల్లు వేయించడానికి ఆ ఏడు ఇంట్లో డబ్బు లేదని మాకు ముప్ఫై ఏళ్లు దాటిన తరువాత తెలిసినది. ఆ రేకును విప్పి, కడిగి, దాచిపెట్టాము.

సిల్లు కోయడంలో ఒక జాగ్రత్త ఉన్నది. కోసిన క్షణం నుండి బండి మధ్యలో కుంగజూస్తుంది. కుంగిన తరువాత అతికితే ఆ వంకరే శాశ్వతమవుతుంది, తలుపులు ఇక పడవు. అందుకే టింకరింగు మేస్త్రీ ముందుగా తలుపు సందులో అడ్డంగా ఇనుప గొట్టం వెల్డింగు చేసి నిలబెట్టారు. బరువు ఇరుసుల దగ్గర ఆనేటట్టు దిమ్మెలు పెట్టారు. ఒక వైపు పూర్తిగా అతికే వరకు రెండవ వైపు ముట్టలేదు. పద్దెనిమిది గేజి రేకు వాడారు. అతుకుల లోపలికి జింకు ప్రైమరు, ఆపైన మైనపు పూత. ఈ పూత లేకపోతే కొత్త రేకు కూడా కొన్నేళ్లలో పాత దారే పడుతుంది. రెండు సిల్లులు, డ్రైవరు కాళ్ల కింది రేకు, డిక్కీ అడుగు – 24 వేలు. అన్నింటికన్న ఎక్కువ ఖర్చు అయినది, అన్నింటికన్న తక్కువ కనిపించేది ఇదే.

మిగిలినవి క్లుప్తంగా చెబుతాము. పెట్రోలు ట్యాంకులో పాత పెట్రోలు ఎండి జిగురుగా మారి ఉన్నది. ట్యాంకు విప్పి గుప్పెడు చిన్న కంకర, కిరసనాయిలు వేసి ఊపి ఊపి కడిగాము. ఖాళీ ట్యాంకు దగ్గరకు నిప్పు, వెల్డింగు రానీయకూడదు. నిండు ట్యాంకు కన్న ఆవిరి నిండిన ఖాళీ ట్యాంకు ప్రమాదకరం. నేటి పెట్రోలులో ఇరవై పాళ్ల వరకు ఇథనాలు ఉంటున్నది. అది పాత రబ్బరును మెత్తబరచి చీల్చుతుంది, నీటిని కూడా పీలుస్తుంది. కనుక గొట్టాలు, పెట్రోలు పంపులోని డయాఫ్రం కొత్తరకం రబ్బరువి వేయించాము, బండిని నెలల తరబడి నిలపకుండా చూసుకొంటున్నాము. వైరింగును ఎలుకలు సగం తిన్నవి. బండి మొత్తానికి ఉన్నవి రెండే ఫ్యూజులు, ముందు దీపాలకు ఫ్యూజే లేదు. 6,500తో కొత్త వైర్లు లాగించి, దీపాలకు, హారనుకు విడివిడిగా ఫ్యూజులు పెట్టించాము. టైర్లకు గీతలు బాగానే ఉన్నా పక్కలు పగుళ్లు వారినవి. టైరు పక్కన చివరి నాలుగంకెలు చదివితే వయస్సు తెలుస్తుంది. 2309 అంటే 2009వ సంవత్సరం ఇరవై మూడవ వారం. నాన్నగారు చివరిసారి వేయించినవి. వాటిని తీసి కొత్తవి వేయించడానికి ట్యూబులతో సహా 17 వేలు అయినది. రేడియేటరు, పెట్రోలు పనులకు 5,500, బ్యాటరీకి 4,800.

ఇవన్నీ కూడితే 89,300. రిజిస్ట్రేషను, బీమా, తనిఖీ కలిసి మరో తొమ్మిది వేలు. 2023 డిసెంబరులో అన్నగారికి లెక్క అప్పజెప్పినప్పుడు చేతిలో మిగిలినది 1,700 రూపాయలు. చాచా తన చేతిపనికి తీసుకొన్నది ఈ లెక్కలో చాలా స్వల్పం. అంతటి గురువు అందరికీ దొరకరు కాబట్టి, ఇదే పని చేయదలచినవారు ఆ మేరకు మరో ముప్ఫై వేలైనా కలుపుకోవాలి. మన లెక్కను చూపి ఎవరినైనా మోసపుచ్చడం ధర్మం కాదు.

రంగు పూర్తిగా వేయడానికి 55 వేలు అడిగారు. కనుక రంగు లేదు. మీగడ రంగు డబ్బా ఒకటి కొని, కొత్త రేకు వేసినచోట, రెండు తలుపుల కింది అంచులకు మాత్రం వేయించాము. పాత రంగు ఎండకు పాలిపోయినది, కొత్తది కలవలేదు. దూరం నుండి చూస్తే అతుకులు వేసిన దుప్పటిలా ఉన్నదని మా ఉర్దూ మిత్రులు అన్నారు. బంపరు మీద ఇసుకకుప్ప మిగిల్చిన సొట్టను మేమే తీయించలేదు. గేరు మొదటిదానికి సింక్రోమెష్ లేదు కనుక బండి పూర్తిగా ఆగితే తప్ప అది పడదు, పడేటప్పుడు గర్రుమంటుంది. వెనుక ఎడమ తలుపును ఇప్పటికీ రెండుసార్లు కొట్టాలి.

బండి రోడ్డెక్కిన తరువాత మొదటి ప్రయాణం అమ్మీని కంటి వైద్యుని దగ్గరకు తీసుకువెళ్లడం. ఆమె నేరుగా వెనుక ఎడమవైపు కూర్చొన్నారు, అది ఆమె స్థలం. కొంత దూరం పోయిన తరువాత గాలి ఆడడం లేదన్నారు. మేము అద్దం దించబోతే పిడి తిరగలేదు. ఇంత పనీ చేసి ఇది చూసుకోలేదే అని మేము నొచ్చుకొంటూ ఉండగా ఆమె, "అది మీ అబ్బా ఉన్నప్పుడు కూడా తిరిగేది కాదు, నువ్వు పోనీయి" అన్నారు.